మెరవకూడని ఇత్తడి

"ఎవరు చేశారో చెప్పు. లేదంటే టోపీ తీసి ఈ బల్ల మీద పెట్టు."

కమాండెంట్ గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచనప్పుడే భయపడాలని ఆ గదిలో ఉన్న మిగతా ఇద్దరికీ తెలుసు.

బల్ల మీద ఒక బ్యూగిల్ ఉంది. కిటికీలోంచి ఉదయపు ఎండ సూటిగా దాని మీద పడుతోంది. అది బంగారంలా ధగధగలాడుతోంది. సైనిక అకాడమీలో ఇత్తడి అంతలా మెరిస్తే తుడిచినవాడి భుజం తట్టి శభాష్ అనాలి. తలుపు గొళ్ళెం దగ్గర్నుంచి బెల్టు కొక్కెం దాకా ఇక్కడ ప్రతిదీ మెరవాల్సిందే. మెరవకూడని ఇత్తడి ఈ ప్రాంగణం మొత్తంలో ఒక్కటే ఉంది.

ఆ ఒక్కదాన్నే ఎవరో తోమేశారు.

"చెప్పవా?"

బల్లకి ఇవతల నిలబడ్డ క్యాడెట్ నోరు మెదపలేదు. మనిషి తాటిచెట్టంత పొడుగు. తోటివాళ్ళు నిచ్చెన అని పిలుస్తారు. ఈ బ్యాచ్‌కి నాయకుడు. ఈ బ్యూగిల్ ఉండే స్మారక గది తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. ఇంకొద్దిసేపట్లో పాసింగ్ అవుట్ పరేడ్ మొదలవుతుంది. అందులో నడిస్తే సాయంత్రానికి అతను ఆఫీసరు. నడవకపోతే ఎవరూ కాడు.

"తలుపు పగలగొట్టలేదు, తాళం విరగ్గొట్టలేదు," అన్నాడు కమాండెంట్. "అంటే తీసింది నువ్వే. అవునా?"

"అవును సార్."

"తోమింది?"

"నేను కాదు సార్."

"మరెవరు?"

 నిచ్చెన ఎదురుగోడ మీంచి చూపు తిప్పలేదు. అంతే.

కిటికీ పక్కన నిలబడి ఇదంతా చూస్తున్న మేజరు అప్పుడు కదిలింది. క్యాడెట్ల క్రమశిక్షణ ఆమె బాధ్యత. ఒకప్పుడు ఇదే అకాడమీలో చదివి, ఇదే మైదానంలో నడిచి ఆఫీసరైన మనిషి.

"సార్, పరేడ్ దాకా నాకు సమయం ఇవ్వండి."

"దేనికి? వీడు నోరు తెరవడు. వీడి వెనక ఎవడున్నా మనకి దొరకడు. తాళం ఎవరి చేతిలో ఉంటే తప్పు వాళ్ళదేనని మీ అకాడమీ రూలే కదా!"

"ఆ రూలుకి ఇంకో సగం ఉంది సార్. తప్పు చేసినవాళ్ళని మైదానంలో పైకి చెప్పగలిగితే తాళం ఉన్నవాడు బయటపడతాడు."

కమాండెంట్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. చదివింది వేరే అకాడమీలో. ఇక్కడి సంప్రదాయాలు అడుగడుగునా కాళ్ళకి అడ్డం పడుతున్నాయని ఆయన విసుగు. అయినా మర్యాద తెలిసిన మనిషి.

"సరే. పరేడ్ దాకా," అన్నాడు. "ఒరేయ్ అబ్బాయ్, అంతవరకూ నువ్వు వరండాలో నిలబడు. టోపీ చంకలో పెట్టుకో. తల మీద కాదు."

నిచ్చెన మడమలు టప్పున కలిపి, వెనక్కి తిరిగి, బయటికి నడిచాడు. ఆ నడకలో వంక పెట్టడానికి ఏమీ లేదు. 

* * *

ఆ బ్యూగిల్ కథ ఇక్కడ చేరిన మొదటి రోజే ప్రతి క్యాడెట్‌కీ చెప్తారు. నిలబెట్టి చెప్తారు. విన్నవాళ్ళెవరూ మర్చిపోరు.

అకాడమీ పెట్టిన కొత్తలో ఈ రాతి భవనాలు లేవు. క్యాడెట్లు పడుకునే చెక్క బ్యారక్‌లు ఉండేవి. ఒక చలికాలం వాటికి నిప్పంటుకుంది. పొగ కమ్మేసి దారి కనబడలేదు. అప్పుడు బ్యూగిల్ ఊదే క్యాడెట్ ఒకడు మెట్ల దగ్గర నిలబడి ఊదడం మొదలుపెట్టాడు. చప్పుడు ఎటు వినబడితే అటే మెట్లు. లోపలున్నవాళ్ళంతా ఆ చప్పుడు పట్టుకుని ఒక్కొక్కరే బయటపడ్డారు. ఇత్తడి కాలిపోతున్నా అతను వదల్లేదు. చేతులకున్న తోలు తొడుగులు మాడి ఇత్తడికి అంటుకుపోయాయి. ఆఖరి మనిషి బయటికొచ్చాకే బ్యూగిల్ కింద పెట్టాడు.

ఆ బ్యాచ్‌లో ఒక్కరూ చనిపోలేదు. అతని చేతులు మాత్రం తుపాకీ పట్టడానికి పనికిరాకుండా పోయాయి. అకాడమీ అతన్ని ఇంటికి పంపలేదు. మాస్టారుగా ఉంచుకుంది. జుట్టు నెరిసేదాకా ఆయన ఇక్కడే సైనిక చరిత్ర పాఠం చెప్పాడు. బ్యూగిల్ మీద మాత్రం ఆ నల్లటి వేళ్ళ ముద్రలు అలాగే ఉండిపోయాయి. మాడిన తోలు, మసి కలిసి గట్టిపడిన ముద్రలు. పరేడ్‌కి బయల్దేరే ముందు బ్యాచ్‌లో ప్రతి ఒక్కరూ ఆ ముద్రల్లో తమ వేళ్ళు పెట్టి చూసుకుంటారు. మాట్లాడరు. పెట్టి, తీసి, వెళ్ళిపోతారు.

ఎన్ని బ్యాచ్‌ల వేళ్ళు తగిలినా చెరగని ఆ ముద్రలు ఇప్పుడు లేవు. ఒక గుడ్డ ముక్క, కాస్త పాలిష్, బోలెడంత ఓపిక వాటిని తుడిచిపెట్టేశాయి.

ఎవరికి పుట్టింది ఆ బుద్ధి?

మేజరు వరండా దాటుతుంటే ఒకావిడ ఎదురొచ్చింది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర, చేతిలో చిన్న అట్టపెట్టె. నిచ్చెన తల్లి. ఏదో ఆస్పత్రిలో నర్సు. ఆ పెట్టెలో ఉన్నవి ఆఫీసరు హోదా నక్షత్రాలు. పరేడ్ అయ్యాక కొడుకు భుజం మీద ఆమే పెట్టాలి.

"ఏమ్మా, మావాడు అక్కడ గోడకి చేర్చిన నిచ్చెనలా నిలబడ్డాడేంటి? పలకరిస్తే పలకడు. టోపీ చంకలో ఉంది. ఏం చేశాడు?"

"ఏం చేశాడో తెలీదండీ. ఎవరు చేశారో వాడికి తెలుసు. చెప్పట్లేదు."

ఆవిడ తల పట్టుకుంది. "అయ్యో రామా! వీడితో చిన్నప్పట్నుంచీ ఇదే గోలమ్మా. అబద్ధం ఆడడు. నిజం అడిగితే నోరు కుట్టేసుకుంటాడు. పక్కింటి కిటికీ అద్దం ఎవడో పగలగొడితే మొత్తం వీధి వీడినే తిట్టింది. ఎవర్రా అంటే చెప్పడే! ఇంటికొచ్చి నా చేత కూడా తిన్నాడు. వారం తర్వాత ఆ కుర్రాడే వచ్చి ఒప్పుకున్నాడు."

"అప్పుడేమన్నాడు?"

"ఏమంటాడు? 'నాకు ముందే తెలుసు' అన్నాడు. అందుకు ఇంకో రెండు వేశాను." ఆవిడ నవ్వబోయి ఆగింది. పెట్టెని రెండు చేతులతో పట్టుకుంది. "వాడు పరేడ్‌లో నడుస్తాడా అమ్మా?"

మేజరు ఆ పెట్టె వైపు చూసింది. "మీరు వెళ్ళి ముందు వరసలో కూర్చోండి," అంది.

* * *

స్మారక గదిలో ఇంకా కొత్త రంగుల వాసన పోలేదు. గుమ్మానికి చెరోపక్కన రెండు అద్దాల బీరువాలు. ఎడమది తెరిచి ఉంది, ఖాళీగా. కుడిదాని ముందు ఒక క్యాడెట్ వంగి ఏదో చేస్తున్నాడు.

"ఏయ్! ఏం చేస్తున్నావక్కడ?"

వాడు ఉలిక్కిపడి నిటారుగా నిలబడ్డాడు. బ్యాచ్ బ్యూగిలర్. ఎప్పుడూ పెదాలు సున్నాలా పెట్టుకుని ఈల వేస్తుంటాడు కాబట్టి పేరు ఈలపాట. నాయకుడి పదవికి నిచ్చెనతో చివరిదాకా పోటీ పడి ఓడిపోయినవాడు. ఓడిపోయాక వారం రోజులు ఈల వెయ్యలేదని అకాడమీ అంతా చెప్పుకున్నారు.

మేజరు కళ్ళు సూటిగా వాడి చేతుల మీదికి వెళ్ళాయి. వేళ్ళ సందుల్లో నల్లగా పాలిష్ మరకలు.

"ఆ చేతులేంటి?"

ఈలపాట తన చేతులు చూసుకున్నాడు. అర్థమైంది. మొహం మాడిపోయింది.

"మేడమ్, ఇవాళ పరేడ్ రోజు. చేతులు నల్లగా లేని క్యాడెట్ ఒక్కడున్నా చూపించండి, వాడే దొంగ! అందరం పొద్దున్నించీ బూట్లు తోముకుంటూనే ఉన్నాం."

"నిచ్చెన అంటే నీకు పడదుగా?"

"పడదు మేడమ్," అన్నాడు వాడు తడుముకోకుండా. "వాడి పొడుగు చూస్తేనే నాకు ఒళ్ళుమంట. కానీ ఇవాళ వాడు నడవకపోతే వరస ముందు నేను నిలబడాలి. వాడి చోట్లో నేను నిలబడితే నా మొహాన ఎవరు ఉమ్మినా తుడుచుకోవాలి. నాకొద్దు మేడమ్. వాణ్ణి ఎలాగైనా బయటపడెయ్యండి. కావాలంటే రేపట్నుంచి మళ్ళీ పోట్లాడతాను."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుంది. "మరి ఇక్కడేం పని?"

"పరేడ్ బ్యూగిల్ తీసుకెళ్దామని." కుడి బీరువాలోంచి ఇంకో బ్యూగిల్ తీశాడు. కాలినదానికి అచ్చం జోడు, అదే కొలత, అదే వంపు. ఏటా పరేడ్‌లో ఊదేది ఇదే. "చూడండి మేడమ్, ఎలా ఉందో! ఈ ఏడు మా బ్యాచ్‌కి ఏదో శని పట్టింది. అది మెరిసింది, ఇది మాసిపోయింది." మాట్లాడుతూనే చొక్కా చేతితో దాన్ని రుద్దడం మొదలుపెట్టాడు. "మామూలుగా ఇది తెల్లారేసరికి మెరిసిపోతుండాలిగా. ఈసారి ఎవరూ రాలేదేమో."

మేజరు ఉన్నచోటే ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

"అదే మేడమ్... మనం మాట్లాడకూడనిది..." నాలుక కరుచుకున్నాడు.

మాట్లాడకూడనిదే. అకాడమీలో అందరికీ తెలిసి, ఎవరూ పైకి అనని ఆచారం అది. పరేడ్‌కి ముందు సాయంత్రం, ఎప్పుడో చదివి వెళ్ళిపోయిన పాత విద్యార్థి ఒకరు వస్తారు. పరేడ్ బ్యూగిల్‌ని స్వయంగా తోమి మెరిపించి వెళ్ళిపోతారు. కొత్త బ్యాచ్‌కి పాతవాళ్ళ ఆశీర్వాదం అది. పేరు చెప్పుకుంటే ఆశీర్వాదం కాస్తా గొప్ప అయిపోతుందని రహస్యంగా ఉంచుతారు. తాళం ఉన్న క్యాడెట్ తలుపు తీస్తాడు, గోడవైపు తిరిగి నిలబడతాడు. వచ్చిందెవరో తలుపు తీసినప్పుడు తెలిసినా, బతికున్నంతకాలం పైకి అనకూడదు.

ఆమె బ్యాచ్‌లో తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. అప్పుడు వచ్చిందెవరో ఇప్పటికీ ఆమె కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. ఆయన అడిగి అడిగి విసిగిపోయాడు.

ఎవరో కావాలని చేసిన పాడుపని అనుకుని పొద్దున్నించీ అందరూ మెరుస్తున్న బ్యూగిల్ వైపే చూశారు. మాసిపోయినదాన్ని ఒక్కరూ చూడలేదు.

ఆమె ఎడమ బీరువా వైపు చూసింది. కుడి బీరువా వైపు చూసింది. గోడ మీద కొత్త రంగు.

నిన్న మొన్నటిదాకా పరేడ్ బ్యూగిల్ ఎడమ బీరువాలో ఉండేది. ఆమె క్యాడెట్‌గా ఉన్నప్పుడు, అంతకు ముందు, ఎప్పుడూ ఎడమే. రంగులు వేసినప్పుడు కుడి గోడకి చెమ్మ ఉందని, పాతది పాడైపోతుందని, రెండింటినీ అటూ ఇటూ మార్చారు. మార్పించింది కమాండెంటే.

నిన్న వచ్చినవాళ్ళెవరో అలవాటు కొద్దీ ఎడమ బీరువా తెరిచారు.

కానీ తెరిచాక? నల్లగా మాడిన ముద్రలు కంటికి కనబడవా? ఈ అకాడమీలో చదివినవాళ్ళెవరికైనా అవేంటో తెలియదా?

కనబడితేగా!

నిన్న సాయంత్రం ఆమె మోచెయ్యి పట్టుకుని కారు దిగిన పెద్దాయన, ఇవాళ్టి ముఖ్య అతిథి, గుర్తొచ్చాడు. ప్రేమతో పట్టుకున్నాడనుకుంది. అతిథి గృహం మెట్ల దగ్గర ఆ పట్టు గట్టిగా బిగిసింది.

మేజరు వెనక్కి తిరిగి వరండా వైపు నడిచింది.

* * *

వరండాలో నిచ్చెన ఉన్నచోటే ఉన్నాడు.

"ఒక్కటే అడుగుతాను," అంది ఆమె. "ఎవరని అడగను. నిన్న నువ్వు గోడవైపు తిరిగి నిలబడ్డావా?"

అతను ఆమె తల మీదుగా దూరంగా చూస్తున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జారనివ్వలేదు.

"అడక్కండి మేడమ్."

"ఆ మాట పట్టుకుని ఉద్యోగం పోగొట్టుకుంటావా?"

"మాట ఇచ్చాను మేడమ్. మీరూ ఇచ్చే ఉంటారు."

ఇంకేం అడుగుతుంది? లోపలికి వెళ్ళి కమాండెంట్‌కి అంతా చెప్పింది. ఆయన విని, పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టు మొహం పెట్టి కుర్చీలో కూలబడ్డాడు.

"బీరువాలు మార్పించింది నేను."

"అవును సార్."

"మీరు ఒకసారి వద్దన్నారు కూడా."

"అన్నాను సార్."

ఆయన బ్యూగిల్‌ని తన వైపు లాక్కున్నాడు. "మేజర్, నా మాట వినండి. పరేడ్‌కి ముందు మీరు మైక్ దగ్గరికెళ్ళి ప్రకటన చేయాలి, ఈ బ్యాచ్ మీద తేలని తప్పేమీ లేదని. ఏటా చేసేదే కదా! ఇవాళ కూడా అదే చెప్పెయ్యండి. కుర్రాడు నడుస్తాడు. పెద్దాయన పరువూ దక్కుతుంది. బ్యూగిల్ సంగతి తర్వాత చూద్దాం. ఎవరికి నష్టం?"

తేలిక దారి. ఒక్క అబద్ధం, అందరూ సుఖం. ఆమె మనసు ఒక్క క్షణం అటు వాలిన మాట నిజం.

ఎందుకంటే ఆ పెద్దాయన ఆమెకి ఎవరో కాదు. ఈ అకాడమీలోకి ఆడపిల్లల్ని తీసుకోకూడదని పైవాళ్ళంతా గోల పెట్టినప్పుడు, అప్పటి కమాండెంట్‌గా ఒంటరిగా నిలబడి పోట్లాడింది ఆయనే. "మా మెట్ల దగ్గర బ్యూగిల్ మోగితే ఎవరు విన్నా బయటికి రావచ్చు. ఆడా మగా అని బ్యూగిల్ అడగలేదు" అన్నాడట. ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె ఆ మొదటి బ్యాచ్. ఆయన లేకపోతే ఈ యూనిఫామ్ లేదు.

ఎవరు తప్పు చేశారని మైదానంలో ప్రకటిస్తారో ఆ మనిషి ఆ రోజు వందనం చేయడు, స్వీకరించడు. అకాడమీ పుట్టినప్పట్నుంచీ అంతే. క్యాడెట్ అయినా, కమాండెంట్ అయినా. పెద్దాయన ఇవాళ ముఖ్య అతిథిగా వచ్చిందే ఆ వందనం కోసం. మళ్ళీ రాగలిగే వయసు కాదు.

"అందరూ వింటుండగా నేను అబద్ధం చెప్తే," అంది మేజరు నెమ్మదిగా, "ఆ కుర్రాడు ఏ మాట కోసం టోపీ తీశాడో, ఆ మాటకే విలువ లేకుండా పోతుంది సార్."

కమాండెంట్ నిట్టూర్చాడు. "మీ అకాడమీ వాళ్ళతో పెట్టుకోకూడదు." బ్యూగిల్‌ని తనే ఒక తెల్లగుడ్డలో చుట్టి ఆమె చేతికిచ్చాడు. ఇచ్చేముందు అటెన్షన్‌లో నిలబడ్డాడు. బయటి మనిషి అలా నిలబడటం ఆమె అంతకు ముందు చూడలేదు.

* * *

"రావే గాలిపటం! నీ నడక వినగానే తెలిసింది. కుడికాలు ఇంకా కాస్త గట్టిగానే వేస్తున్నావ్."

అతిథి గృహంలో పెద్దాయన పూర్తి యూనిఫామ్‌లో కూర్చుని టీ తాగుతున్నాడు. ఛాతీ నిండా పతకాలు. ఆమె చేరిన మొదటి వారంలో గాలికి టోపీ ఎగిరిపోతే పరేడ్ మధ్యలో దాని వెంట మైదానం అంతా పరిగెత్తింది. ఆ రోజు ఆయన శిక్షా వేశాడు, పేరూ పెట్టాడు.

"టిఫిన్ తిన్నారా సార్?"

"తిన్నాను. మీ వంటవాడు ఉప్పు మర్చిపోయాడు. పోనీలే, పరేడ్ రోజు కంగారు." ఆయన ముందుకి వంగి గొంతు తగ్గించాడు. మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోతోంది. "అవునూ, పరేడ్ బ్యూగిల్ ఎలా ఉంది ఈ ఏడు? మెరుస్తోందా?"

మేజరు తెల్లగుడ్డ చుట్టని ఒళ్ళోంచి చేతుల్లోకి తీసుకుంది.

"ఎవరో పాపం బాగా కష్టపడి ఉంటారు," అన్నాడాయన, ఏమీ ఎరగనట్టు. "ఈ కాలం పిల్లలు ఇత్తడి ముట్టుకోవడం మానేశారటగా! ఏడాదంతా మురికి పట్టి బెరడులా గట్టిపడిపోయిందట. తోమినవాళ్ళ రెక్కలు విరిగి ఉంటాయి. ఎవరో అనుకుంటుంటే విన్నానులే."

ఇంకో మాట వింటే తను చెప్పలేనని ఆమెకి అర్థమైంది. గుడ్డ విప్పి బ్యూగిల్‌ని ఆయన చేతుల్లో పెట్టింది.

"తెచ్చావా! ఏదీ..." ఆయన మురిసిపోతూ అందుకున్నాడు. కళ్ళు మాత్రం బ్యూగిల్ మీద లేవు. కాస్త పక్కగా, ఎక్కడో ఉన్నాయి.

"సార్, ఇది ఎడమ బీరువాలోది."

"అవును. పరేడ్ బ్యూగిల్."

"రంగులు వేసినప్పుడు బీరువాల్లోవి మార్చారు సార్. పరేడ్ బ్యూగిల్ ఇప్పుడు కుడివైపు ఉంది."

ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉంది. లోపల మనిషి మాత్రం అక్కడ లేడు. 

ఆయన వేళ్ళు కదిలాయి. మెల్లగా, నున్నటి ఇత్తడి మీద తడుముకుంటూ వెళ్ళాయి. ఒకచోట ఆగాయి. ఒక్కో వేలూ తన చోటు వెతుక్కుని కూర్చుంది. బొటనవేలు కింద, నాలుగు వేళ్ళూ పైన, చూపుడువేలు కాస్త ఎడంగా. ముద్రలు ఉండాల్సిన చోటే. వెంట్రుకవాసి తేడా లేదు. అక్కడ ఇప్పుడు ఏమీ లేదు. అయినా ప్రతి బ్యాచ్ వేళ్ళకీ తెలిసినట్టే ఆయన వేళ్ళకీ ఆ చోటు తెలుసు.

"నేనా?" అన్నాడు. "మాస్టారి చేతులు నేను తుడిచేశానా?"

ఆమె టీ కప్పుని ఆయన మోచేతికి దూరంగా జరిపింది.

"ఆయన నాకు పాఠం చెప్పాడే! ఆ వంకర వేళ్ళతోనే సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద యుద్ధాలు గీసేవాడు."  ఉన్నట్టుండి ఆయన వెన్ను నిటారైంది. "తాళం ఎవరి దగ్గర ఉంది?"

"నిచ్చెన అంటారు సార్. బ్యాచ్ నాయకుడు. మీ గురించి చెప్పమంటే చెప్పలేదు. టోపీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు."

"నిన్న గోడవైపు తిరిగినప్పుడు వాడి మడమల చప్పుడు విన్నాను. ఆ చప్పుడుతోనే అనుకున్నాను, వీడు గట్టివాడని."  ఆయన తడుముకుని బ్యూగిల్‌ని బల్ల మీద పెట్టాడు. "నువ్వేం ప్రకటిస్తావు?"

"మీకు ఒంట్లో బాలేదని చెప్పి, మీరు బయల్దేరి వెళ్ళిపోయాక..."

"నోర్ముయ్."

పాత గొంతు. మైదానం ఆ చివరన ఉన్నవాణ్ణి ఈ చివర్నుంచి ఆపేసే గొంతు. మేజరు తెలియకుండానే అటెన్షన్‌లోకి వచ్చేసింది.

"తప్పు చేసినవాణ్ణి వెనక గుమ్మంలోంచి పంపిస్తావా? నీకు నేను నేర్పింది అదా?"

"మీకు కళ్ళు కనబడవని ఎవరికీ తెలీదు సార్. పొరపాటున జరిగిందని చెప్తాను."

"ఆ మాట వాడకు. కళ్ళు కనబడకపోవడం నా తప్పు కాదు. కనబడవని దాచడం నా తప్పు. ఏడాదైంది. సిగ్గుపడి ఇంట్లో కోడలికి కూడా చెప్పలేదు. నిన్న ఆ కుర్రాణ్ణి ఒక్క మాట అడిగి ఉంటే, 'బాబూ, ఇది ఏ బ్యూగిల్రా?' అని, సరిపోయేది. అడగలేదు. జనరల్‌ని కదా!" ఆయన లేచాడు. బల్ల అంచు పట్టుకుని నిలబడి, చెయ్యి చాచాడు. "పద. మోచెయ్యి ఇవ్వు. ఈసారి అందరూ చూసేలాగే పట్టుకుంటాను."

* * *

మైదానం నిండిపోయింది. తెల్ల చొక్కాల్లో, రంగు చీరల్లో బంధువులు. ఎదురుగా గీత గీసినట్టు బ్యాచ్ అంతా వరసలో నిలబడి ఉంది. వరస ముందు నాయకుడి చోటు ఖాళీగా ఉంది. ఆ చోట్లోకి ఈలపాట రాలేదు. ఎవరూ రాలేదు. అది అలాగే వదిలేసి నిలబడ్డారు.

ఖాళీ చోటుకి దూరంగా, గోడ పక్కన, నిచ్చెన ఒంటరిగా ఉన్నాడు. టోపీ చంకలో. ముందు వరసలో అతని తల్లి అట్టపెట్టెని ఒళ్ళో పెట్టుకుని కొడుకు వైపే చూస్తోంది.

మేజరు పెద్దాయన్ని వేదిక ఎక్కించింది. మెట్టు మెట్టుకీ ఆయన ఆమె మోచెయ్యి పట్టుకుని, పాదంతో తడిమి తడిమి ఎక్కాడు. దాచుకోలేదు. బంధువుల్లో గుసగుసలు లేచాయి. జనరల్‌కి చూపు లేదా? ఎప్పట్నుంచి? పాత విద్యార్థుల వరసలో కొందరు లేచి నిలబడ్డారు. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆయన కుర్చీలో కూర్చోలేదు. కుర్చీ ముందు నిలబడి, రెండు చేతులతో టోపీ తీసి, చంకలో పెట్టుకున్నాడు. గోడ పక్కనున్న కుర్రాడిలాగే.

అది చూసి నిచ్చెన మొట్టమొదటిసారి కదిలాడు. ఒక అడుగు ముందుకి వేయబోయి ఆగిపోయాడు. వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు.

మేజరు మైక్ ముందుకి వచ్చింది. కమాండెంట్ ఆమె వెనక నిలబడ్డాడు. మైదానం అంతా నిశ్శబ్దమైపోయింది. జెండా తాడు స్తంభానికి తగిలి టక్ టక్ అంటోంది.

"ఈ బ్యాచ్ మీద తేలని తప్పు ఏదీ లేదని ప్రకటించడం నా విధి," అంది.   "ఇవాళ ఆ ప్రకటన చేయడానికి ముందు ఒక తప్పు తేల్చాలి. మాస్టారి బ్యూగిల్ మీద ముద్రలు చెరిగిపోయాయి. తాళం బ్యాచ్ నాయకుడి దగ్గర ఉంది. తలుపు తీసింది అతనే. ఎవరు చేశారని అడిగితే అతను చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఇక్కడ చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. అతని మీద ఏ మచ్చా లేదు. అతను వచ్చి తన చోట్లో నిలబడాలి."

బ్యాచ్ అంతటి ఊపిరీ ఒక్కసారి బయటికి వచ్చిన చప్పుడు వేదిక దాకా వినిపించింది. నిచ్చెన కదల్లేదు. మిగతా మాట కూడా వినకుండా కదలడని ఆమెకి తెలుసు.

ఆమె పక్కకి తిరిగింది. పెద్దాయన చూపు ఎటో ఉంది. చెవి మాత్రం ఆమె వైపే ఉంది. చిన్నగా గడ్డం పైకెత్తాడు. కానివ్వు, అన్నట్టు.

మేజరు మళ్ళీ మైక్ వైపు తిరిగింది. మైదానం ఆ చివర ఉన్నవాళ్ళకి కూడా వినబడేలా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"ఆ ముద్రలు తుడిచింది ఈ అకాడమీ పూర్వ కమాండెంట్, మా మొదటి బ్యాచ్ ఆడపిల్లలకి ఈ గేటు తెరిచిన మనిషి, ఇవాళ్టి మన ముఖ్య అతిథి. జనరల్ గారు."